మబ్బుకు శృతి తప్పే పెట్టె

మబ్బు పట్టింది.

పెట్టె ఏడ్చింది.

మామూలు ఏడుపు కాదు. రేకు డబ్బాలో పడ్డ తుమ్మెద పైకి పాకబోయి జారినట్టు... మళ్ళీ పాకబోయి మళ్ళీ జారినట్టు... సన్నగా, జిడ్డుగా, కిందికి, ఇంకా కిందికి. కిటికీలోంచి బల్ల మీద పడ్డ ఎండ ముక్క వెలిసిపోతున్నకొద్దీ ఆ గొంతూ దిగిపోయింది.

బల్ల అవతల చెంచా మోగింది.

టక్.

ఒక దెబ్బ అంటే — తక్కువ.

మబ్బు తప్పుకుంది. ఎండ తిరిగొచ్చింది. తుమ్మెద ఒక్క ఉదుటున పైకెగిరింది.

టక్ టక్.

రెండు దెబ్బలంటే — ఎక్కువ.

"వినపడిందక్కా! మబ్బుకు నేనేం చెప్పను? కాసేపు ఆగి రమ్మని చెప్పనా?" అంది పెట్టె ముందు కూర్చున్న చెల్లెలు.

అక్క ఏమీ అనలేదు.

మూడు నెలలుగా అక్క ఏమీ అనడం లేదు.

మెడలో గడ్డ తీశారు. గడ్డతో పాటు ఒక నరం పోయింది. వెంట్రుకంత నరం. అది పోయాక అక్క నోట్లోంచి గాలి వస్తోంది, మాట రావడం లేదు. ఇరవై రెండేళ్ళు బళ్ళో పిల్లలకు పాట నేర్పిన గొంతు. ఇప్పుడు ఒక పలక, ఒక చెంచా.

పెద్ద టీచరు మంచి మనిషే. మంచిగానే చెప్పింది. "మీరిక లైబ్రరీ చూసుకోండి టీచర్. హాయిగా ఉంటుంది. తాళాలు మీకిచ్చేస్తాను."

హాయి!

పుస్తకాల మధ్య, మాట్లాడకూడదని గోడ మీద రాసి ఉన్న గదిలో, మాట లేని మనిషి. దాన్ని హాయి అంటారట.

అక్క పలక మీద రాసింది — పది రోజులు.

పదో రోజు తర్వాత సోమవారం. మొదటి పీరియడ్. పిల్లలతో శృతిలో పాడించగలిగితే పాట క్లాసు అక్కదే. లేదంటే తాళాల గుత్తి.

ఆ రోజు చెల్లెలు ఒక మాట తూలింది. మేడ మీద ఇల్లు, ముందు గదిలోనే ఆమె రిపేరు షాపు. ఆమె చేతిలో పడి బతకని మిక్సీ లేదు, తిరగని ఫ్యాను లేదు. ఆ ధీమాతోనే అనేసింది.

"గొంతే కదా. నేను చేసిస్తా."

గొంతే కదా, అట.

నాలుక కరుచుకోవడానికి కూడా టైము లేకపోయింది. అక్క అప్పటికే తల ఊపేసింది.

*

ముందు తేలిక దారి చూసింది. ఎవరైనా అదే చూస్తారు. ఫోనులో స్వరాల యాప్ తెరిచి అక్క ముందు పెట్టింది.

టక్.

ఎవరి దగ్గరో కీబోర్డు అడిగి తెచ్చింది. మోసుకొచ్చేసరికి నడుం విరిగింది.

టక్. పలక మీద ఒక వాక్యం — ఇవి మెట్లు, నాకు జారుడు బల్ల కావాలి.

చెల్లెలికి ఒళ్ళు మండింది. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా మండింది. ఎందుకంటే అక్క చెప్పింది నిజం. అక్క పాడేటప్పుడు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతేది కాదు. జారేది. కొండ మీంచి నీళ్ళు దిగినట్టు. పిల్లలు నేర్చుకున్నది స్వరాలు కాదు, ఆ జారుడు.

సరే. జారుడు బల్లే చేద్దాం.

ఎనిమిది కాళ్ళ చిప్పు ఒకటి. గొంగళిపురుగు పిల్లంత ఉంటుంది. దానికి తెలిసింది ఒకటే పని — స్పీకరుకు కరెంటు ఇవ్వడం, ఆపడం. ఇవ్వడం, ఆపడం. సెకనుకు రెండొందల సార్లు ఇచ్చి ఆపితే ఒక స్వరం. మూడొందల సార్లయితే పై స్వరం. ఎన్నిసార్లు అన్నది చెప్పడానికి దాని పక్కన ఒక కన్ను. కందిగింజంత బిళ్ళ. దాని మీద వెలుగు పడితే స్వరం లేస్తుంది, నీడ పడితే దిగుతుంది.

కన్ను మీద చేయి ఆడించాలి. చేయి ఎత్తితే పైకి. దించితే కిందికి. మెట్లు లేవు. మొత్తం జారుడే.

దీనికి తోడు ఇంకో చిప్పు, ఒక బొత్తాం. నొక్కితే ఆగకుండా మోగే 'స'. అక్క స. దీనికి కన్ను లేదు, మబ్బుతో పని లేదు. ఒక చిన్న మర ఉంటుంది. తిప్పి ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. ఆ స మీద నిలబడి చేయి పాడాలి.

కాగితం మీద ఎంత అందంగా ఉంది!

బల్ల మీదికొచ్చాక ఏడుపు మొదలైంది.

ట్యూబులైటు కింద పెడితే కందిరీగలా గీపెట్టింది. టార్చి పెడితే టార్చి నీరసపడినప్పుడల్లా తనూ నీరసపడింది. అట్టతో గొట్టం చుట్టి కన్నుకు తొడిగితే ఎండా అందలేదు, చేయీ అందలేదు. ఏకంగా మూగబోయింది. గొట్టం పీకేసింది. కిటికీకి పల్చటి గుడ్డ కట్టింది. గుడ్డ గాలికి ఊగింది. పెట్టె గుడ్డతో పాటు ఊగింది.

మబ్బు వస్తే దిగుతుంది. పోతే లేస్తుంది. పిట్ట ఎగిరి వెళ్తే ఉలిక్కిపడుతుంది.

ఆకాశంలో ఇన్ని మబ్బులున్నాయని చెల్లెలికి ముప్ఫై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా తెలీదు.

*

మబ్బు గోల ఒకెత్తు. స గోల ఒకెత్తు.

మొదటి రోజే చెల్లెలు అలమార పైనుంచి పాత టేపు రికార్డరు దించింది. అందులో అక్క గొంతు ఉంది. ఇరవై ఆరేళ్ళ వయసులో, పాఠం కోసం రికార్డు చేసుకున్న క్యాసెట్. మొదట్లోనే అక్క ఒకే ఊపిరిలో పట్టుకున్న స, పొడుగ్గా, తీగలా.

మీట నొక్కింది. స వచ్చింది.

అక్క లేచింది. మొహం ముడుచుకుపోయింది. గబగబా మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళిపోయింది.

చెల్లెలి చేయి మీట మీదే ఉండిపోయింది. ఛ! ఎంత మొద్దు బుర్ర. పోయిన గొంతును అది పోగొట్టుకున్న మనిషికే వినిపించడమా? కట్టేసింది. ఆ తర్వాత అక్క బడికి వెళ్ళాకే టేపు తీసేది. అక్క చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగాకే మీట నొక్కేది.

చెల్లెలికి శృతి చెవి లేదు. మోటారు చప్పుడు విని లోపల ఏది అరిగిందో చెబుతుంది. స్వరం దగ్గరకొస్తే పాడే మనిషికీ కుక్కరు కూతకూ తేడా తెలీదు. అందుకే స్వరం సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టే మీటరు పెట్టింది. మీటరు అబద్ధమాడదు.

టేపులో స — రెండొందల ముప్ఫై మూడు.

బొత్తాం నొక్కి మర తిప్పింది. రెండొందల ముప్ఫై మూడు. ఆపింది. చేతులు దులుపుకుంది.

సాయంత్రం అక్క వచ్చింది. చెల్లెలు బొత్తాం నొక్కి, పెళ్ళిపెద్దలా నిలబడింది.

టక్ టక్.

"ఎక్కువా? ఎక్కడెక్కువ? మీటరు చూడు!"

అక్క మీటరు చూడలేదు. టక్ టక్.

"రెండొందల ముప్ఫై మూడక్కా! పాయింటు కూడా అటూ ఇటూ లేదు!"

పలక — ఈ నెంబరు ఎక్కడిది?

టేపు అని చెబితే మళ్ళీ ఆ మొహం చూడాలి.

"లెక్క కట్టా," అంది.

అక్క అదోలా చూసింది. పలక తుడిచి మళ్ళీ రాసింది — నా స లేనిదే దీని మీద చేయి పెట్టను.

పెట్టలేదు. రెండో రోజు పెట్టలేదు, నాలుగో రోజు పెట్టలేదు. కన్ను మీద చేయి ఆడించింది చెల్లెలే. శృతి తెలియని చేయి, నిలకడ లేని ఎండ. అవతల చెంచా. టక్. టక్ టక్. అన్నం తింటుంటే టక్ టక్. అద్దం ముందు తల దువ్వుకుంటుంటే వెనక టక్ టక్. మాట ఉన్న రోజుల్లో అక్క ఇంత సాధించలేదు. మాట పోయాక ఇల్లంతా అక్కే.

"నీకు చెవి పోయింది! గొంతుతో పాటు చెవి కూడా తీసేశారు వాళ్ళు!"

అనేసింది. ఆరో రోజున.

అనకూడని మాట. నోరు దాటాక వెనక్కి లాగే మర ఏ షాపులోనూ దొరకదు.

అక్క చెంచా బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులు చెంచా మోగలేదు. చెల్లెలు స నొక్కింది. ఎవరూ ఎక్కువ అనలేదు. తక్కువ అనలేదు. నిశ్శబ్దం ఎంత గోల చేస్తుందో అప్పుడు తెలిసింది.

*

శనివారం. అక్క బళ్ళో ఉంది. మబ్బుల్లేని పొద్దు. చెల్లెలు టేపు నడిపిస్తూ, మీటరు వైపు కొరకొరా చూస్తూ కూర్చుంది.

రెండొందల ముప్ఫై మూడు. ఎన్నిసార్లు చూసినా అంతే. మీటరు అబద్ధమాడదు. అక్కా అబద్ధమాడదు. మరి మధ్యలో అబద్ధమాడుతున్నది ఎవరు?

కింది సెలూన్ ఆయన చచ్చిపోయిన ట్రిమ్మరు పట్టుకుని మేడెక్కాడు.

"ఏమ్మా, వారం నుంచి పైన పిల్లి ఈనుతోందా? నిన్న ఒకాయనకు గడ్డం గీస్తుంటే ఉలిక్కిపడ్డాడు. ఇంకాస్తయితే చెంప నా చేతిలోకొచ్చేది."

"పిల్లి కాదు. గొంతు."

"ఎవరిది, నీదా? డాక్టరుకు చూపించుకో."

ఆయన ట్రిమ్మరు బల్ల మీద పెట్టి, వెళ్ళబోతూ టేపు వైపు చెవి రిక్కించాడు.

"ఇది బాగుందే. ఎవరీ చిన్నపిల్ల?"

"చిన్నపిల్లేంటి? మా అక్క."

"మీ అక్కా? టీచరమ్మా? అమ్మా, ఆవిడ వీధిలోంచి పిలిస్తే నా దుకాణంలో అద్దాలు మోగేవి. బరువైన గొంతు. ఇదెవరో లంగా కట్టుకున్న పిల్ల పాడినట్టుంటేనూ..."

ఆయన దిగిపోయాడు.

టేపు పాడుతూనే ఉంది.

చిన్నపిల్ల.

చెల్లెలి చేతులు తెలియకుండానే కదిలాయి. మీట కట్టేసింది. టేపు రికార్డరు బోర్లించింది. నాలుగు మరలు. వెనక రేకు ఊడింది. లోపల మోటారు. మోటారు వెనక చిన్న కన్నం. కన్నంలో వేగం సవరించే మర. ఆ మర కదలకుండా, దాని మీద గట్టిపడిన ఒక చుక్క.

ఎర్రగా.

ఫ్యాక్టరీ వాళ్ళు ఎరుపు వేయరు. తెలుపు వేస్తారు. ఎరుపు...

నెయిల్ పాలిష్.

చుక్క మీద వేలు పెట్టింది.

పదిహేడేళ్ళు తనకు. పరీక్షలు. పక్క గదిలో ఇదే టేపు. రోజూ సాయంత్రం నలభై అయిదు నిమిషాలు. అదే స, అదే పాఠం, దాని మీద అక్క మళ్ళీ పాడటం. చెవిలో జోరీగ. పుస్తకంలో ఒక్క ముక్క ఎక్కేది కాదు. ఒక రోజు అక్క ఇంట్లో లేనప్పుడు స్క్రూ డ్రైవరు తీసుకుని, రేకు విప్పి, మర చిన్న తిప్పు తిప్పింది. టేపు తొందరగా తిరిగింది. నలభై అయిదు నిమిషాల పాఠం నలభైలో అయిపోయింది. అయిదు నిమిషాలు మిగిలాయి! మర కదలకుండా అక్క నెయిల్ పాలిష్ సీసాలోంచి ఒక చుక్క తీసి పెట్టింది. సీసా పక్కింటి గోడవతల పారేసింది.

మర్నాడు అక్క టేపు పెట్టి, ఒక్క స విని, కట్టేసింది.

"దీనికి పిచ్చెక్కింది. నువ్వే ఉంచుకో," అంది.

కొత్తది కొనుక్కుని, పాఠం అందులో మళ్ళీ రికార్డు చేసుకుంది.

అలా ఇది చెల్లెలిదయింది. ఆమె విప్పిన మొదటి మిషను. దీన్ని విప్పీ విప్పీ పని నేర్చుకుంది. షాపు పెట్టింది. రేడియో మాత్రం వింటూ, క్యాసెట్ సంగతే మరిచిపోయింది. మర సంగతి అంతకన్నా ముందే మరిచిపోయింది.

మీటరు అబద్ధమాడలేదు. అబద్ధాన్ని పొల్లు పోకుండా కొలిచింది.

ఎర్ర చుక్కను గోటితో గీకింది. పెచ్చులుగా రాలింది. దాని కింద ఫ్యాక్టరీ తెల్ల గీత. సగం మర మీద, సగం మోటారు మీద, విరిగిన ఎముకలా పక్కకు తప్పి ఉంది. స్క్రూ డ్రైవరు మొన పెట్టి, ఊపిరి బిగబట్టి, రెండు సగాలూ కలిపింది.

మీట నొక్కింది.

స వచ్చింది.

కిందినుంచి వచ్చింది. మెల్లగా, బరువుగా, బావిలోంచి నిండుకడవ పైకి వచ్చినట్టు.

మీటరు — రెండొందల ఎనిమిది.

శృతి చెవి లేని చెల్లెలికి కూడా తెలిసింది. ఇది అక్క. పెళ్ళిళ్ళలో వెనక వరసలోంచి పిలిచిన అక్క. జ్వరమొస్తే మందు మింగమని కసిరిన అక్క. వీధి చివర నుంచే "తలుపు తియ్యవే!" అని అరిచే అక్క.

ఎన్నాళ్ళయింది ఆ 'వే' విని...

టేపు పాడుతోంది. చెల్లెలు కదల్లేదు. చెప్పుల చప్పుడు కూడా వినలేదు.

తల తిప్పేసరికి అక్క గుమ్మంలో ఉంది. శనివారం ఒంటిపూట బడి. మరిచేపోయింది.

కట్టెయ్యబోయింది. అక్క చేయి ఎత్తింది — ఉండనీ.

స అయిపోయింది. పాఠం మొదలైంది. అక్క గుమ్మం పట్టుకుని వింది. మొహం ముడుచుకోలేదు. డాబా మీదికి పోలేదు.

"నీకు బాధేస్తుందని... నువ్వు లేనప్పుడు పెట్టుకుంటున్నా."

అక్క పలక తీసుకుంది. గబగబా గీసింది — బాధ కాదు. శృతి తప్పిన పాట వినలేను. ఆ మిషనుకు పిచ్చని అప్పుడే చెప్పాగా.

చెల్లెలు నెత్తి కొట్టుకుంది.

తొమ్మిది రోజులు! దొంగతనంగా, చెప్పుల చప్పుడు లెక్కపెట్టుకుంటూ, మునివేళ్ళ మీద నడుస్తూ, లేని బాధ చుట్టూ తొమ్మిది రోజులు తిరిగింది. ఒక్క మాట అడిగి ఉంటే! ఒక్క నిజం చెప్పి ఉంటే!

"దానికి పిచ్చెక్కలేదక్కా. నేనే ఎక్కించా."

చెప్పింది. పరీక్షలు, మర, అయిదు నిమిషాలు. చెవి లేనిది నీకు కాదు, నాకేనంది. అక్క వింటూ బల్ల మీద రాలిన ఎర్ర పెచ్చులు చూసింది. ఒకటి వేలి కొసకు అంటించుకుని వెలుగులో పెట్టింది. ఆ సీసా కోసం అప్పట్లో ఇల్లంతా గాలించింది. ఎలుక ఎత్తుకుపోయిందని చెల్లెలే చెప్పింది.

పలక మీద ఒకే మాట — ఎలుక?

"...నేనే."

అక్క చెంచా తీసుకుంది. చెల్లెలి నెత్తి మీద కొట్టింది.

టక్ టక్.

ఎక్కువ.

అప్పుడు అక్క భుజాలు కదిలాయి. చప్పుడు లేదు, గాలి మాత్రమే. కానీ అది నవ్వు. మూడు నెలల్లో మొదటిది.

చెల్లెలు బొత్తాం నొక్కి, మర తిప్పింది. రెండొందల ముప్ఫై... ఇరవై... పది... తొమ్మిది...

అక్క చెంచా గాల్లోనే ఆగింది.

అరచేయి బల్ల మీద పరుచుకుంది. నిండుగా, మెత్తగా.

సరిపోయింది.

"మబ్బు సంగతి మాత్రం నా వల్ల కాలేదక్కా," అంది చెల్లెలు. "నిజంగా కాలేదు."

అక్క భుజాలు ఎగరేసింది.

*

సోమవారం. మొదటి పీరియడ్.

కిటికీ పక్కన బల్ల. బల్ల మీద పెట్టె. ఎండ ముక్క సరిగ్గా కన్ను మీద.

నలభై మంది పిల్లలు. వెనక గోడ దగ్గర పెద్ద టీచరు. ఆమె చేతిలో తాళాల గుత్తి, తెలియకుండానే గలగలమంటూ. వరండాలో చెల్లెలు, గుప్పిట్లో స్క్రూ డ్రైవరు. అక్కడ దాంతో చేసేదేమీ లేదు. అయినా పట్టుకుంది.

అక్క బొత్తాం నొక్కింది.

స.

పిల్లల మొహాలు మారాయి. ఎక్కడో విన్నట్టు. ఎవరో పిలిచినట్టు.

అక్క కన్ను మీద చేయి పెట్టింది. ఈ పది రోజుల్లో మొన్నటి శని, ఆదివారాలు తప్ప ముట్టుకోని పెట్టె. చేయి లేచింది, స్వరం లేచింది. చేయి వంగింది, స్వరం వంగింది. తుమ్మెదే. రేకు గొంతే. కానీ గెంతలేదు. జారింది. కొండ మీంచి నీళ్ళు దిగినట్టు దిగి, స దగ్గర ఆగింది.

ఇక పిల్లలు అందుకోవాలి.

మబ్బు పట్టింది.

చెల్లెలు వరండాలోంచి కిటికీ వైపు చూసింది. అటు నుంచే వస్తోంది, దున్నపోతంత మబ్బు. తీరుబడిగా, ఈ బడి తనదే అన్నట్టు. బల్ల మీద ఎండ అంచు నుంచి వెలిసిపోతోంది. ఇప్పుడే! పది రోజులు సరిపోలేదా నీకు? ఇంకో రెండు నిమిషాలు ఆగి రాకూడదూ?

అక్క కిటికీ వైపు చూడలేదు.

చేయి లేచింది. వేలెడంత.

మబ్బు కిందికి లాగింది. చేయి పైకి లాగింది. స్వరం మధ్యలో నిలబడింది.

గొట్టం అక్కర్లేదు. గుడ్డ అక్కర్లేదు. ఊపిరి తగ్గినప్పుడు పాడేవాళ్ళు ఏం చేస్తారో అదే. ఒంటి బలం కొంచెం ఇస్తారు. అంతే. పది రోజులు చెల్లెలు వెతికిన మందు అక్క మోచేతిలో ఉంది.

ఎండ ఇంకా తగ్గింది. చేయి ఇంకా లేచింది. మెడ దాకా. చెంప దాకా. నలభై జతల కళ్ళు చేయితో పాటు లేచాయి.

తాళాల గలగల ఆగింది.

చేయికి ఒక హద్దు ఉంటుంది. మబ్బుకు లేదు.

ముందు వరసలో ఒక నోరు తెరుచుకుంది, పాట అందుకునే ఊపిరి కోసం. పక్కన ఇంకొకటి.

అక్క మునివేళ్ళ మీద నిలబడింది.

మబ్బు పట్టే ఉంది.

పెట్టె ఏడవలేదు — ఇంకా...